సిస్టరమ్మ చెప్పిన రాగి

నిన్న సాయంత్రం మా అమ్మాయి డ్యూటీ నుంచి ఇంటికొచ్చింది. భుజానికున్న సంచి కూడా దించకుండా, మూడేళ్ళ కొడుకును కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి వాడి చేతులకు సబ్బు రాయడం మొదలుపెట్టింది. నేను గదిలోంచి చూస్తున్నాను. నుదురు గోడకు ఆనించి కళ్ళు మూసుకుని నిలబడింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాకా.

"నిలబడే నిద్రపోతున్నవా ఏందే?" అన్నాను.

"కళ్ళే పోతున్నయమ్మా. చేతులు మేల్కొనే ఉన్నయి" అంది, కళ్ళు తెరవకుండానే.

వాడు గుప్పెడు నీళ్ళు దాని చీర మీదికి చిమ్మాడు. అది తిట్టలేదు. తిట్టడానికి కూడా కొంత ఓపిక మిగిలి ఉండాలి. ఆ మొహం నాకు తెలిసిన మొహమే అనిపించింది. అన్నం తింటున్నంతసేపూ ఎవరిదా అని వెతుక్కున్నాను. మా అమ్మది.

నా చిన్నప్పుడు మేము ఇనుప రాయి తవ్వే కొండ కింద క్యాంపులో ఉండేవాళ్ళం. కొండ పైభాగాన తవ్వకం, కొంచెం కిందికి ఉద్యోగుల టౌన్‌షిప్పు, ఆ టౌన్‌షిప్పుకు కనపడనంత కింద, వాగు పక్కన, కాంట్రాక్టు కూలీల గుడిసెలు. టౌన్‌షిప్పులో ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే. కానీ వాళ్ళ మాట మాకు సగం రేడియో మాటలా వినపడేది. మా మాట వాళ్ళకు ఎలా వినపడేదో నాకు తెలియదు. మేస్త్రీలతో హిందీ, సంతలో హల్బీ, పక్క గుడిసెతో గోండీ, పొయ్యి దగ్గర తెలుగు. రోజుకు నాలుగు భాషలు మాట్లాడినా మా మాటలన్నీ కలిపి లెక్కేస్తే ఒక భాషకు చాలినన్ని ఉండేవి కావేమో.

మా నాన్న తెలుగు నేల సరిహద్దు పల్లె నుంచి కొండకు వచ్చింది తెల్లన్నం కోసం. మా ఊళ్ళో ఏడాదిలో సగం దినాలు అంబలే. గనిలో చేరితే రెండు పూటలా వరి అన్నం అని ఎవరో చెప్పారు. ఆ మాట పట్టుకుని నాయనమ్మనూ అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని వచ్చాడు. చెల్లి క్యాంపులోనే పుట్టింది. తెల్లన్నం మాట నిజమే. రెండు పూటలా అన్నమే తినేవాళ్ళం. చారు, ఒక్కోరోజు పప్పు, పండక్కి ఎండుచేప. పొయ్యి మీద అన్నం ఉడికే వాసన వస్తుంటే నాన్న గుమ్మంలో కూర్చుని, గెలిచినవాడిలా బీడీ కాల్చుకునేవాడు.

ఆ క్యాంపులో అన్నీ ఎరుపే. వాగు ఎరుపు, గుడిసె తడికలు ఎరుపు, కుక్కలు ఎరుపు. తెల్లబట్ట రెండు ఉతుకుల దాకా తెల్లబట్ట, ఆ తర్వాత అది కూడా కొండదే. పేల్చిన మందు వాసన, డీజిలు వాసన, వాన పడితే తడిసిన ఇనుప దుమ్ము వాసన. నాలుక మీద పాత మేకు పెట్టుకున్నట్టుండే ఆ వాసన నాకు ఇప్పటికీ వాన మొదలైతే గుర్తొస్తుంది.

అమ్మది రాళ్ళ పని. పెద్ద రాళ్ళను సుత్తితో చెప్పిన కొలతకు పగలగొట్టడం, ఏరడం, గంపకెత్తి లారీలో పోయడం. పొద్దున లారీ హారన్ కొడితే ఆడవాళ్ళంతా పరుగెత్తి ఎక్కేవాళ్ళు. సాయంత్రం అదే లారీ దింపేది. దిగినప్పుడు అమ్మ వెంటనే నడిచేది కాదు. కాసేపు లారీ పక్క చెక్కను పట్టుకుని నిలబడి, కాళ్ళు తనవేనని నమ్మకం కుదిరాక ఇంటికి వచ్చేది.

పనికి పోయే తల్లుల పిల్లల కోసం కాంట్రాక్టరు ఒక రేకుల షెడ్డు వేయించాడు. అందులో పిల్లల్ని చూసుకునే ఆమెను అందరం దాయి అనేవాళ్ళం. మా పక్క గుడిసే. గోండు మనిషి. గట్టిగా నవ్వేది, గట్టిగా అరిచేది, తెలుగు, హిందీ, హల్బీ కలిపి ఒకే మాటగా మాట్లాడేది. అన్నం గంట కొట్టే ముందు పిల్లలందరికీ బూడిదతో చేతులు తోమించేది. తోమాక షెడ్డు వెనక సున్నం గోడ మీద అరచేతులు ఆనించమనేది. ఎర్రటి చెయ్యి పడిందా, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పొమ్మనేది.

"దేఖో, గోడ జెప్తది! నా దగ్గర అబద్ధం నడ్వొచ్చు, గోడ దగ్గర నడ్వదు!"

పిల్లలు దానికీ మార్గం కనిపెట్టారు. తడి చేతులు పక్కవాడి వీపుకు తుడిచి, ఆరాక గోడకు ఆనిస్తే ముద్ర పడదు. దాయి అది కూడా కనిపెట్టింది. అప్పట్నుంచి చేతులూ చూసేది, వీపులూ చూసేది. వీపు మీద చేతి ముద్ర ఉన్నవాడిని కాదు, వరసలో వాడి వెనక ఎవడున్నాడో వాడిని పట్టుకునేది. ఆ గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా నెల తిరక్కుండా చిన్న చిన్న ఎర్రటి చేతులతో నిండిపోయేది.

మా చెల్లి మాత్రం చేతులు కడిగితే ఏడ్చేది. చేతికంటిన మన్ను పోతుందని దాని ఏడుపు. అది మన్ను తినేది.

అప్పటికి దానికి రెండేళ్ళు దాటాయి. ఇంకా సరిగ్గా నడిచేది కాదు. పగలంతా నా చంకలోనే. దాన్ని ఒక చంకనా బిందెను ఒక చంకనా మోసేదాన్ని కాబట్టి రెండింటి బరువూ నాకు తెలుసు. నిండు బిందె కంటే అది తేలిక. వానలు మొదలైనప్పుడూ అంతే, వానలు తగ్గుతున్నప్పుడూ అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కానీ, నెలలు గడుస్తున్నా పిల్ల బరువు పెరగకపోవడం నాకు వింతగా ఉండేది. దింపితే చాలు, గోడ పక్కన చేరి తడి మన్ను గోరుతో గీరి నోట్లో వేసుకునేది. నాయనమ్మ దాని వేళ్ళకు వేపాకు నూరి పూసింది. అది వేపాకుతో సహా తినేసింది.

టౌన్‌షిప్పు ఆసుపత్రి నుంచి నెలకొకసారి జీపులో నర్సు వచ్చేది. మేము సిస్టరమ్మ అనేవాళ్ళం. సముద్రం వైపు మనిషి. ఎప్పుడూ తొందరలో ఉండేది, ఎందుకంటే మా తర్వాత ఇంకా చాలా క్యాంపులు తిరగాలి. ఒకరోజు షెడ్డు ముందు చెల్లి కనురెప్ప కిందికి లాగి చూసింది. అమ్మ పనిలో ఉంది. నాయనమ్మా నేనూ ఉన్నాం.

"ఇదేంటి పెద్దమ్మా, పిల్లకి ఒంట్లో రక్తమే లేదు! రెప్ప చూడండి, కాగితంలా ఉంది. మన్ను తింటుందా?"

"తింటది సిస్టరమ్మా. కొడితే, ఏడ్సుకుంట తింటది."

"కొట్టకండి. ఒంట్లో ఇనుము తక్కువైతే పిల్లలు అలాగే మన్ను తింటారు." అప్పటికే జీపు డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఆమె ఒక మందు సీసా, పురుగుల బిళ్ళ చేతిలో పెట్టి గబగబా చెప్పింది. "చెప్పుల్లేకుండా బయటికి పంపకండి. పాదాల్లోంచి పురుగులు లోపలికి పోయి రక్తం తాగేస్తాయి. తినేముందు చేతులు కడగండి. ఆకుకూర పెట్టండి. రోజూ పొద్దున్నే రాగి పట్టించండి. నీళ్ళు కాచి తాగించండి. ఏది మానినా రాగి మాత్రం మానకండి, తెలిసిందా?"

"తెల్సింది తల్లీ" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం ఇనుము మాటకు మా గుడిసెల వరసంతా నవ్వింది. నాన్న మరీ నవ్వాడు. "ఇనుము తక్కువనా? దేశానికంత ఇనుము ఈడికెల్లే పోవట్టె. మనింట్లనే తక్కువాయెనా?" ఎదురింటాయన అందుకున్నాడు. "గంప ఇనుప రాయి తెచ్చి పిల్ల తలాపున పెట్టుండ్రి, గదే ఎక్కుతది."

అమ్మ నవ్వలేదు. చెల్లి రెప్పను తనూ కిందికి లాగి చూసుకుంది. "ఇంకేం జెప్పింది అత్తా?" అని అడిగింది.

"రాగిల నీళ్ళు కాచి పొద్దుగాల్నే తాగియ్యమన్నది. గది ఒక్కటి మానొద్దన్నది."

"రాగి ఎందుకు?"

"ఇనుము తక్కువైతే రాగి పొయ్యమన్నది. లోహం లోహమే గద. అన్నదమ్ముల పిల్లలసొంటియి" అంది నాయనమ్మ, వైద్యం ఎంతో కొంత తనకూ తెలిసినట్టు.

ఇందులో నాయనమ్మ తప్పు ఎంతో నేను చాలాసార్లు తూచి చూశాను. ఏమీ లేదు. సిస్టరమ్మ రెండు మాటలు పక్కపక్కన చెప్పింది, రాగి పట్టించమనీ, నీళ్ళు కాచమనీ. రాగి అంటే మాకు తెలిసింది చెంబు చేసే రాగే. ఇంకో రాగి ఉందని మా వైపు ఎవరికీ తెలియదు. అందుకని రెండు మాటలూ ఒకటై మా ఇంటికి వచ్చాయి.

నాన్న సెలవు రోజున దంతెవాడ పోయి, గుడి ముందు దుకాణాల్లో ఒక రాగి చెంబు కొనుక్కొచ్చాడు. చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు, పసిపిల్లను తెచ్చినట్టు. గుడిసెలో దుమ్ము పట్టకుండా మెరిసే వస్తువు అదొక్కటే. నాయనమ్మ చింతపండుతో తోమి ఉట్టిలో పెట్టి అందరికీ వినపడేలా చెప్పింది. "మందు చెంబు ఇది. దీన్ని వట్కొని ఎవడన్న బయటికి వొయ్యిండో, కాళ్ళిరగ్గొడ్త!" అది నాన్ననే అన్నదని నాన్నకు తెలుసు.

ఆ రోజు నుంచి అమ్మకు పని పెరిగింది. లారీ హారన్‌కు ముందే లేచి పొయ్యి రాజేసి, చెంబులో నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, చెల్లిని లేపి, ముక్కు మూసి పట్టించేది. ఆ నీళ్ళకు రాగి చిలుము రుచి. చెల్లి మొహం ముడతలు పడేది. చెంబు అడుగు రోజూ మసి బారేది, రోజూ తోమేది. నీళ్ళు మరిగేలోపు అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని పొయ్యి ముందు నిద్రపోయేది. నీళ్ళు పొంగి నిప్పు మీద చుర్రుమంటే లేచేది.

చెప్పుల సంగతి నాన్న చూశాడు. రాయిని మోసే పెద్ద రబ్బరు బెల్టులు తెగిపోతే ముక్కలు పారేసేవాళ్ళు. అందులోంచి చెల్లి పాదం అంత కోసి, పైన సైకిలు ట్యూబు పట్టీ వేశాడు. బలంగానే ఉన్నాయి. కానీ ఒక్కో చెప్పు చెల్లి కాలికంటే బరువు. అది రెండడుగులు వేసి, ఎవరో వెనక్కి లాగినట్టు నిలబడిపోయి, మా వైపు చూసేది.

"ఏందయ్యా, పిల్లకు చెప్పులు కుట్టినవా, లంగరేసినవా?" అని ఎదురింటాయన అడిగాడు.

నాన్న మళ్ళీ కూర్చుని బెల్టు పొరలు విడదీసి సన్నగా చేశాడు. మూడోసారికి కుదిరాయి.

కాచిన నీళ్ళవల్ల కొంత మేలు జరిగింది, అది చెప్పాలి. చెల్లికి మాటిమాటికీ పట్టుకునే విరేచనాలు ఆగాయి. కానీ రెప్ప అలాగే ఉంది. మన్ను తినడం మానలేదు. మందు సీసా అయిపోయింది. ఆకుకూర నోట్లో పెడితే ఉమ్మేసేది. నా చంకలో బరువు మారలేదు. అది ఏడవడం కూడా తగ్గించింది. మొదట మేము అది బాగుపడుతున్న గుర్తు అనుకున్నాం.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు కుండపోత వాన, కొండ రోడ్డు కోసుకుపోయి లారీ రాలేదు. అమ్మ ఇంట్లోనే ఉంది. వాన తెరిపిచ్చాక సిస్టరమ్మ జీపు ఎలాగో వచ్చింది. షెడ్డులో చెల్లిని చూడగానే ఆమె మొహం మారింది.

"ఇది ఇంతకుముందు కంటే పాలిపోయింది. ఇలాగే ఉంటే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపాల్సిందే. రక్తం ఎక్కించాలి."

అమ్మ చెల్లిని ఒళ్ళోకి లాక్కుంది. మా వరసలోనే ఒకామె అంతకుముందు ఎండాకాలం పిల్లవాణ్ణి జగదల్‌పూర్ తీసుకెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు బస్సులోంచి ఒక్కతే దిగింది. చేతిలో పిల్లవాడి చొక్కా ఉంది. అమ్మ అప్పుడు ఆమె పక్కన కూర్చుంది. జగదల్‌పూర్ అనే మాట మా వరసలో ఎవరి చెవికైనా అలాగే వినపడేది.

"అసలు రాగి పట్టిస్తున్నారా?" సిస్టరమ్మ గొంతు కొంచెం పెరిగింది.

"ఒక్కపూట గుడ మానలేదు సిస్టరమ్మా" అంది నాయనమ్మ.

"ఎలా పట్టిస్తున్నారు?"

"రాగిలనే పొంగెదాక కాగవెట్టి, సల్లార్చి..."

"రాగిలో... ఏంటి?"

నాయనమ్మ గుడిసెలోకి పోయి చెంబు తెచ్చి చూపించింది, కాస్త గర్వంగానే. సిస్టరమ్మ చెంబును చూసింది, నాయనమ్మను చూసింది, లోపలికి తొంగి చూసింది.

"ఇందులో ఏం కాస్తున్నారు?"

"నీళ్ళు."

"ఒట్టి నీళ్ళా?"

"మీరే జెప్తిరి గద తల్లీ."

సిస్టరమ్మ బోర్లించిన గంప మీద కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది ఆమెకు. అమ్మ మొహం చూసి ఆపేసింది. "అయ్యో, రాగులమ్మా! తినే రాగులు! సన్నగా, ఎర్రగా, ఆవగింజల్లా ఉంటాయి. చోళ్ళు. చోళ్ళంటే తెలుసా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. సిస్టరమ్మ గాలిలో వేళ్ళతో చిన్న గింజ చూపించింది. గింజ చూపిస్తే ఏ గింజని తెలుస్తుంది? అటూ ఇటూ చూసింది. షెడ్డు మూల దాయి, ఇవేవీ పట్టనట్టు, సొరకాయ బుర్రలోంచి ఆకు దొప్పలోకి బూడిద రంగు జావ వంపుకుని తాగుతోంది. సిస్టరమ్మ లేచి ఆ దొప్ప పట్టుకుంది.

"ఇదిగో! ఇదే!"

దాయి తన అన్నం లాక్కుంటున్నారేమోనని దొప్ప వదల్లేదు. "అరే దీదీ, ఏ తో మండియా పేజ్! బీదోళ్ళది. నీకెందుకు?"

"గింజలున్నాయా?"

దాయి కొంగు ముడిలోంచి చిటికెడు తీసి చూపించింది. నాయనమ్మ వంగి, రెండు గింజలు పంటి కింద పెట్టుకుని కొరికింది. ఆ తర్వాత ఆమె గొంతు వాగు అవతలికి కూడా వినపడి ఉంటుంది.

"ఓయమ్మో! గివి తైదలు గదనే! తైదలను తైదలని జెప్పరాదా తల్లీ? రాగి రాగి అంటే మేము చెంబు కొనుక్కొస్తిమి!"

"తైదలంటే నాకేం తెలుసు పెద్దమ్మా? మావైపు ఆ మాటే లేదు."

సిస్టరమ్మకు రాగులు, దాయికి మండియా, మాకు తైదలు. అన్ని రోజులూ ఆ గింజ మా గుడిసెకు ఒక్క తడిక అవతలే ఉంది.

ఆ మాట సాయంత్రం నాన్నకు చెబితే ఆయన నవ్వలేదు. "తైదల అంబలి తాగెటందుకైతే ఊర్లనే ఉండకపోయినమా?" అన్నాడు. "ఎందుకొచ్చినం ఈడికి? అన్నం తినెటోళ్ళమైనం ఇప్పుడు. పదిమంది జూస్తే ఏమంటరు?"

అమ్మ గొంతు పెంచలేదు. పొయ్యి ముందు నుంచి లేవను కూడా లేవలేదు. "జగదల్‌పూర్ల పదిమంది జూస్తే మంచిగుంటదా?" అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసి, "నాకు కొట్లాడే ఓపిక లేదయ్యా. పొద్దుగాల అంబలి పెడ్త. నువ్వు తిట్టుకుంటే తిట్టుకో" అంది.

నాన్న బీడీ తీసుకుని బయటికి పోయాడు. తర్వాతి సంతనాడు తువ్వాలలో మూట కట్టుకుని వచ్చి మూల పెట్టాడు. విప్పితే తైదలు.

పిండి నానబెట్టి పులియనివ్వడం, ఉండలు కట్టకుండా కలపడం నాయనమ్మకు తెలిసిన పనే. చెల్లితో తాగించడమే ఎవరికీ తెలియలేదు. చిలుము నీళ్ళ దెబ్బకు, దొప్ప నోటి దగ్గరికి వస్తే చాలు, రెండు చేతులతో ముక్కు మూసుకునేది. అమ్మ వెంటపడేది, అది గోడ వెనక్కి పాకేది. హారన్ మోగేది. దొప్ప నా చేతిలో పెట్టి అమ్మ పరుగెత్తేది.

దాయి రెండు రోజులు తడిక మీదుగా చూసి, మూడో రోజు ఊరుకోలేకపోయింది. "ఎనక పడొద్దు రే! ఎనక పడితే అది ఆట అనుకుంటది. దాని ముందు కూసో. నువ్వు తాగు. మంచిగ చప్పుడు చేసి తాగు. దానికి ఇయ్యకు."

"ఇయ్యకుంటే?"

"అడుగుతది. అడగకపోతే నా చెవు కోసెయ్."

అప్పట్నుంచి అమ్మ పొద్దున్నే చెల్లి ఎదురుగా కూర్చుని, దొప్ప పెదాలకు ఆనించి, జుర్రుమని చప్పుడు చేసి, పెదాలు నాకి, "అబ్బ" అనేది. చెల్లి వైపు చూసేది కాదు. రెండు పొద్దులు చెల్లి అలా చూస్తూ కూర్చుంది. తర్వాత దగ్గరికి జరిగింది. ఆ తర్వాత ఒకరోజు అమ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. అమ్మ తొందరపడలేదు. ఇంకో గుక్క చప్పుడు చేసి, వద్దన్నట్టు నటించి, అప్పుడు ఇచ్చింది. చెల్లి తాగేసింది. మూతి చుట్టూ బూడిద రంగు మీసం. తడిక అవతల దాయి తన రెండు చెవులూ పట్టుకుని, ఉన్నాయన్నట్టు చూపించింది.

నాకు చిన్నప్పటి నుంచి ఏది చూసినా మట్టం చూసే అలవాటు. తొట్టిలో నీళ్ళు ఎంతున్నాయి, గంపలో రాయి ఎంతుంది, సీసాలో కిరసనాయిలు ఎంత దిగింది. ఇప్పుడు ఇళ్ళు కట్టేవాళ్ళకు ఇసుకా ఇటుకా లెక్కగట్టి చెప్తున్నానంటే ఆ అలవాటే. ఆ పొద్దుల్లో దొప్పను కూడా అలాగే చూసేదాన్ని. అమ్మ అంత చప్పుడు చేసి తాగేది కదా, దొప్పలో మట్టం దిగేది కాదు. అంబలి ఆమె పెదాలకు తగిలి మళ్ళీ వెనక్కి వచ్చేది. ఎంత పోసిందో అంతా చెల్లికే అందేది. అమ్మ భలే నటిస్తుందని నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. అమ్మా నేనూ కలిసి చెల్లిని మోసం చేస్తున్నట్టు ఉండేది.

చలికాలం వచ్చేసరికి చెల్లి మన్ను తినడం మరిచిపోయింది. సిస్టరమ్మ ఇంకో సీసా మందు ఇచ్చింది, పురుగుల బిళ్ళ ఇంకోసారి మింగించింది, బెల్టు చెప్పులు కాళ్ళకు అలవాటయ్యాయి, అంబలి రోజూ నడిచింది. ఇందులో ఏది ఎంత పని చేసిందో నేను విడదీసి చెప్పలేను. అన్నీ కలిసి పనిచేశాయి. ఒకరోజు చంకన ఎత్తుకోబోతే నా నడుము వంగింది. ఆ తర్వాత ఎత్తుకునే అవసరమూ తగ్గింది. పిలిస్తే చెప్పులు టపటపలాడించుకుంటూ దూరంగా పరుగెత్తేది.

చివరిసారి సిస్టరమ్మ చెల్లి రెప్ప లాగి చూసింది పొద్దున్నే. ఆ రోజు జీపు త్వరగా వచ్చింది. లారీ ఇంకా రాలేదు. అమ్మ గంప బోర్లించుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఇంక జగదల్‌పూర్ మాట లేదమ్మా. బాగుపడింది. మానకుండా పట్టించండి."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. సిస్టరమ్మ వెళ్ళబోతూ ఆగి అమ్మ మొహంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది.

"నువ్వు తాగుతున్నావా?"

"తాగుతున్న సిస్టరమ్మా. దీనెదురుంగ కూసొని దినాం తాగుతున్న" అంది అమ్మ. నాయనమ్మ కూడా, "అవునవును, జుర్రుకుంట తాగుతది" అంది. అది నాయనమ్మకు చెవులతో తెలిసిన సంగతి.

"ఇలా రా. నీ రెప్ప ఒకసారి చూడనీ."

మలుపు దగ్గర హారన్ మోగింది. అమ్మ చెయ్యి విడిపించుకుని నవ్వింది. "నాకేంది తల్లీ, పెద్దదాన్ని. మల్లొస్తరు గద, అప్పుడు సూద్దురు తియ్యుండ్రి." గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. సగం దూరంలో ఆగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ పరుగెత్తింది. లారీ మీదున్న ఆడవాళ్ళు చేతులందించి పైకి లాగారు. సిస్టరమ్మ అటే చూస్తూ కాసేపు నిలబడి, డ్రైవరు పిలిస్తే జీపెక్కింది. ఆమె మళ్ళీ వచ్చింది, చాలాసార్లే. వచ్చిన ప్రతిసారీ అమ్మ పనిలో ఉండేది.

అమ్మ ముసలిది కాలేదు. ఆమె పోయిన వయసును నేను ఎప్పుడో దాటేశాను. ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే, రాళ్ళ పని, బాగా అలిసిపోయింది అనేవాళ్ళం. ఆ అలసటలో రాళ్ళ పని వాటా ఎంతో, ఒంట్లో లేనిదాని వాటా ఎంతో ఎవరూ చూడలేదు. చూడటానికి ఒక రెప్ప కిందికి లాగితే సరిపోయేది.

క్యాంపు ఇప్పుడు లేదు. గుడిసెలున్నచోట కొండను తవ్విన పొడిని గుట్టలుగా పోశారు. చెల్లి గట్టి మనిషి. ఇద్దరు పిల్లల తల్లి, పొలం పని, ఇంటి పని, ఏది పట్టుకున్నా వదలదు. అన్నానికి ముందు చేతులు కడగనివాణ్ణి కంచం ముందు కూర్చోనివ్వదు. అది ఎక్కడ నేర్చుకుందో దానికే తెలియదు.

పోయిన ఎండాకాలం మా ఇంటికి వచ్చినప్పుడు, పప్పులో రాళ్ళు ఏరుకుంటూ, "అమ్మ నీకెట్ల గుర్తుందే?" అని అడిగాను.

చెల్లి ఆలోచించింది. "ఏం గుర్తుంటదక్కా. ఎప్పుడు జూసినా పండుకునే ఉండేది. నేను లేపితే గుడ లేవకపోయేది" అంది. ఆ మాటలో ఇన్నేళ్ళ తర్వాత కూడా కొంచెం కోపం ఉంది, లేపితే లేవని తల్లి మీద చిన్నపిల్లకుండే కోపం.

దొప్ప సంగతి చెబుదామని నోరు తెరిచాను. చెబితే, తను తాగిన ప్రతి గుక్కనూ లెక్కేసుకుంటుంది. నా చెల్లెలు కదా.

"అవునే, నిద్ర ఎక్కువ అమ్మకు" అన్నాను.